దుబారా అంటే ‘మళ్ళీ’ అనా?

మొన్నామధ్య మా టీములో క్లౌడ్ బిల్లు మీద ఒక కాల్ జరిగింది. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి చెప్పక్కర్లేదు, ఇలాంటి కాల్స్ ఈమధ్య నెలకొకటి తప్పట్లేదు. ఎవరో మహానుభావుడు ఆర్నెల్ల కిందట టెస్టింగ్ కోసమని ఒక పెద్ద సెటప్ లేపి, దాన్ని ఆపడం మర్చిపోయాడు. దానికి కవలపిల్లలాంటిది ఇంకోటి అప్పటికే నడుస్తోంది. నెలనెలా మీటర్ తిరుగుతూనే ఉంది. ఆ అంకె స్క్రీన్ మీద చూడగానే నేను ఉండబట్టలేక నాకొచ్చిన హిందీలో “యే తో పూరా దుబారా హై” అనేశాను.

లక్నో కుర్రాడు కంగారుగా “దుబారా? క్యా దుబారా కర్నా హై?” అన్నాడు. మళ్ళీ ఏం చెయ్యాలి అని వాడి భయం. పుణె అమ్మాయి మాత్రం “హా, దుబార్ హై, డూప్లికేట్” అని ఒప్పుకుంది. హుబ్లీ ఆయన తల పంకించి “అవునవును, చాలా దుబారి” అన్నాడు, అంటే ఖరీదెక్కువ అని. నేనన్నది మాత్రం శుద్ధ తెలుగులో ‘వృథా ఖర్చు’ అని.

తమాషా ఏంటంటే, ఆ సర్వర్ విషయంలో మా నలుగురి మాటా నిజమే. అది రెండోసారి లేపిందే, డూప్లికేటే, ఖరీదైనదే, దండగే. కాల్ అయిపోయింది, సర్వర్ ఆపేశాం. కానీ ఈ మాట మాత్రం నా బుర్రలో ఆగలేదు. చిన్నప్పట్నుంచి మా బాపు నోట రోజుకి నాలుగుసార్లు విన్న మాట. “ఇంట్ల ఒకటి ఉన్నది చాలదా, మళ్ళ గీ దుబారా ఎందుకురా?” అనేవాడు. చెప్పుల దగ్గర్నుంచి క్రికెట్ బ్యాటు దాకా దేనికైనా ఇదే డైలాగు. నలభై దాటాక గానీ ఆ మాట ఎక్కడిదో అని అనుమానం రాలేదు చూడండి!

ముందే ఒక మాట. నేను భాషాశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాదు. కోడు రాసుకుని బతికేవాణ్ణి. ఇందులో ఏది ఖాయమో, ఏది నా ఊహో విడివిడిగా చెప్తాను. తప్పులుంటే తిట్టండి, పడతాను.

ఖాయంగా తెలిసినది ఇది. ఫారసీలో ‘దో’ అంటే రెండు, ‘బార్’ అంటే సారి. రెండూ కలిపితే ‘దోబారా’, రెండోసారి అని. అది ఉర్దూలోకీ హిందీలోకీ అదే అర్థంతో వచ్చింది. ఈ ‘దు’ మనకి కొత్తేం కాదు. రెండు భాషలు తెలిసినవాడు దుబాసీ. రెండు పన్నాల గుడ్డ దుపట్టా. రెండు గొట్టాల తుపాకి దునాలి. ఆ లెక్కన దుబారా అంటే ‘మళ్ళీ’ అన్నంత అమాయకమైన మాట. అందులో డబ్బు లేదు, దండగ లేదు, తిట్టు అసలే లేదు.

మరి ఉర్దూ వాళ్ళు వృథా ఖర్చుని ఏమంటారు? ‘ఫజూల్ ఖర్చీ’ అంటారు. ఫజూల్ అంటే అవసరానికి మించినది. మా వరంగల్‌లో ఆ మాటా వినపడుతుంది, “ఫజూల్ ఖర్చులు” అని. అంటే ఉర్దూ దగ్గర ఆ పనికి వేరే మాట సిద్ధంగా ఉంది. దుబారాకి ఆ డ్యూటీ వాళ్ళు వెయ్యలేదు. వేసింది మనమే! సరుకు ఫారసీది, వాడకం మనది.

సరే, ఇది మన దగ్గరికి ఎలా వచ్చింది? ఇక్కడ కొంచెం చరిత్రలోకి వెళ్ళాలి. మాది వరంగల్ కాబట్టి అక్కడ్నుంచే మొదలుపెడతా.

ఢిల్లీ సుల్తానుల సైన్యం ఓరుగల్లు మీదికి ఒక్కసారి కాదు, చాలాసార్లు వచ్చింది. 1309-10లో మాలిక్ కాఫర్ వచ్చి కప్పం పట్టుకుపోయాడు. ఆ తర్వాత ఘియాసుద్దీన్ తుగ్లక్ కొడుకు ఉలుగ్ ఖాన్ వచ్చాడు. మొదటిసారి ముట్టడి కుదర్లేదు. ఢిల్లీలో సుల్తాను పోయాడని శిబిరంలో పుకారు లేచి, సైన్యం చెదిరి దేవగిరికి వెనక్కి పోయింది. మళ్ళీ సైన్యం కూడగట్టుకుని వచ్చి 1323లో కోట పట్టుకున్నాడు. ప్రతాపరుద్రుణ్ణి బందీ చేసి ఢిల్లీకి పంపిస్తే, ఆయన దారిలోనే పోయాడు. ఓరుగల్లు పేరు సుల్తాన్‌పూర్ అయింది. ఈ ఉలుగ్ ఖానే తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్. రాజధాని దౌలతాబాద్‌కి మార్చి మళ్ళీ ఢిల్లీకి తిప్పినవాడు, రాగి నాణేన్ని వెండి నాణెం విలువకి చెల్లించమన్నవాడు. ఓరుగల్లుకి ‘దుబారా’ వచ్చినవాడు ఆఖరికి రాజధాని విషయంలో కూడా దుబారానే చేశాడన్నమాట, రెండర్థాల్లోనూ!

ఇదేదో పన్ కోసం చెప్పాను గానీ, మాట ఆ ఏడాదే దిగిందని కాదు. యుద్ధంతో మాటలు రావు. కచేరీతో వస్తాయి. సైన్యం వచ్చి పోతుంది, లెక్కలు రాసే గుమాస్తా మాత్రం ఉండిపోతాడు. బహమనీలు, గోల్కొండ కుతుబ్‌షాహీలు, మొగలులు, 1724 నుంచి నిజాములు. ఇన్ని వందల ఏళ్ళు శిస్తు లెక్క పెద్ద కచేరీలో ఫారసీలో నడిచింది. సాలార్‌జంగ్ దివానుగా ఉన్న కాలంలో, 1865లో, జిల్లాలు ఏర్పాటు చేసి పాలనని ఒక పద్ధతిలో పెట్టారు. ఫారసీ పోయి ఉర్దూ అధికార భాష అయింది 1880లలో. వరంగల్ ఒక సుబా, దానికి ఒక సుబేదారు. ఇప్పటికీ హనుమకొండలో షేర్ ఆటో వాళ్ళు “సుబేదారి, సుబేదారి” అని అరుస్తారే, ఆ పేరు అలా వచ్చిందే. అరిచేవాడికీ ఎక్కేవాడికీ అది ఫారసీ మాటని గుర్తు ఉండదు.

ఇప్పుడు మన ఇంటి జమాఖర్చు పుస్తకం ఒకసారి తెరిచి చూడండి. జమ, అరబీలో పోగవడం. ఖర్చు, అరబీ ‘ఖర్జ్’, బయటికి పోవడం. బాకీ, మిగిలిపోయినది. వసూలు, వచ్చి చేరడం. రసీదు, ఫారసీలో ‘చేరింది’ అని. నగదు కూడా ‘నక్ద్’ అనే అరబీ మాటే. గుమాస్తా ఫారసీ. మధ్యలో వడ్డీ, అప్పు లాంటివి మనవి మిగిలాయి. అప్పు మాత్రం పరాయి వాళ్ళ దగ్గర తెచ్చుకోనక్కర్లేకపోయింది, సంతోషం.

అన్నట్టు, అర్థం మారిపోయిన మాట దుబారా ఒక్కటే కాదు. జల్సా చూడండి. అరబీలో కూర్చోవడం, ఉర్దూలో సభ, సమావేశం. తెలుగులోకొచ్చేసరికి మజా చేయడం అయింది. 2008లో ‘జల్సా’ సినిమాకి వెళ్ళినవాళ్ళెవరూ బహిరంగ సభ చూడ్డానికి వెళ్ళలేదు కదా. ‘ఆదా’ ఇంకా తమాషా. ఉర్దూలో ‘అదా కర్నా’ అంటే చెల్లించడం. మనకి ఆదా చేయడం అంటే చెల్లించకుండా మిగుల్చుకోవడం! అయితే ఇక్కడ జాగ్రత్త. మన ఆదా ఆ అదాకి చుట్టమో, సంస్కృతం ‘ఆదాయం’కి చుట్టమో చెవితో విని తేల్చేస్తే బోల్తా పడతాం. ఒకేలా వినపడ్డంత మాత్రాన బంధువులైపోరు. అలా అయితే దుబారాని దుబాయ్‌కీ, కొడగులో ఏనుగుల క్యాంపు ఉన్న దుబారేకీ కూడా ముడిపెట్టొచ్చు. మా ఫ్రెండొకడు ‘దుర్భరం’ అరిగిపోయి దుబారా అయిందని వాదించాడు. అదే నిజమైతే పక్క భాషల్లో ఇదే మాట ‘రెండోసారి’ అనే అర్థంతో ఎందుకుందో వాడు చెప్పాలి. ఇంకా చెప్పలేదు.

ఆ పక్క భాషల సంగతికే వద్దాం, అసలు ఆధారం అక్కడే ఉంది.

మరాఠీలో ‘దుబార్’ అంటే రెండోసారి, డూప్లికేటు. 2025లో మహారాష్ట్ర స్థానిక ఎన్నికల ముందు అక్కడి పేపర్ల నిండా ‘దుబార్ మతదార్’ అనే మాటే, జాబితాలో రెండుచోట్ల పేరున్న ఓటర్లన్నమాట. ఇంకోటి ‘దుబార్ పేరణీ’. పేరణీ అంటే విత్తడం. విత్తనాలు వేశాక వాన ముఖం చాటేస్తే మొలక రాదు. మళ్ళీ దున్ని, మళ్ళీ విత్తనం కొని, మళ్ళీ వెయ్యాలి. దాన్నే దుబార్ పేరణీ అంటారు. ఆ మాట మరాఠీ రైతుకి ఎంత భయమో ఏ జూన్ నెల పేపర్ చూసినా తెలుస్తుంది.

కన్నడలో ‘దుబారి’ అంటే ఖరీదు ఎక్కువైనది. వంద రూపాయల వస్తువు రెండొందలైతే దుబారి. తెలుగుకొచ్చేసరికి దండగ ఖర్చు.

వరసగా పెట్టి చూడండి. మళ్ళీ, డూప్లికేటు, రెట్టింపు ఖరీదు, వృథా. మెట్టు మెట్టుగా దిగినట్టు లేదూ? ఒకే కోడ్ బేస్ నుంచి మూడు బ్రాంచీలు తీసుకుని ఎవరి కస్టమర్‌కి తగ్గట్టు వాళ్ళు మార్చుకున్నట్టుంది. పైగా ఈ మూడు భాషలవాళ్ళూ ఒకే ప్రభుత్వం కింద ఉన్నారు. హైదరాబాద్ సంస్థానంలో తెలుగు జిల్లాలు, మరాఠ్వాడా జిల్లాలు, కన్నడ జిల్లాలు 1956 దాకా కలిసే ఉన్నాయి. అదే కచేరీ, అవే ఫారాలు.

మరి కోస్తాలో, సీమలో కూడా దుబారా అంటారు కదా అంటారా? అక్కడా ఇదే కథ. ఉత్తర సర్కారులు 1766 ఒప్పందం దాకా నిజాంవి. గుంటూరు 1788లో కంపెనీ చేతికి వచ్చింది. సీమ జిల్లాలు 1800లో. దొరలు మారారు గానీ కచేరీలో గుమాస్తాలు అంత త్వరగా మారలేదు. మద్రాసు రాజధానిలో కూడా తొలిరోజుల్లో జిల్లా కచేరీ లెక్కలు చాలాచోట్ల మరాఠీలో నడిచాయి. సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వేసింది 1852లో. అది చాలదన్నట్టు, తెలుగులో కలిసిపోయిన పరభాషా మాటలకి 1854లో విడిగా ఇంకో నిఘంటువు వేశాడు, దాన్నే మిశ్రభాషా నిఘంటువు అంటాం. కావ్యాల్లో కనపడని మాటలే కోర్టులోనూ శిస్తు కాగితాల్లోనూ దొర్లుతుంటే ఆయనకి తప్పలేదు మరి.

ఇక్కడ ఒక చిన్న పుల్ల వెయ్యాలి. నేను మొదటి ఉద్యోగంలో చేరిన కొత్తలో నా తెలుగు విని “మీది సగం ఉర్దూ బాస్” అని నవ్వినవాళ్ళున్నారు. వాళ్ళే లంచ్‌లో “ఈ నెల బాగా దుబారా అయిందండీ, రసీదు జాగ్రత్త చెయ్యలేదు, బాకీ వసూలు కాలేదు” అనేవాళ్ళు. తీసి లెక్కపెడితే ఆ వాక్యంలో ఎంత ఉర్దూ, ఎంత తెలుగు? ఎవర్నీ తక్కువ చెయ్యడానికి కాదు. ఏ భాషా నోరు కట్టుకుని కూర్చోదు. దుబారాకి బదులు ‘దుర్వ్యయం’ అనొచ్చు, బానే ఉంటుంది, కానీ ఏ తల్లీ పిల్లాణ్ణి అలా తిట్టదు.

ఇంతవరకూ బానే ఉంది. కానీ ‘మళ్ళీ’ అనే మాట ‘దండగ’ ఎలా అయింది? దీనికి నాకు రెండు దారులు కనిపిస్తున్నాయి. రెండూ ఊహలే, కానీ గాలిలోంచి తీసినవి కావు.

ఒకటి పద్దు దారి. ఒకే ఖర్చు పుస్తకంలో రెండుసార్లు ఎక్కితే అది దుబార్ పద్దు, డూప్లికేటు. ఒకే పనికి రెండుసార్లు డబ్బిస్తే రెండోది నష్టం. లెక్కలు చూసే అధికారికి ‘రెండోసారి’ అనే మాట వినపడితేనే అనుమానం. మనకి డూప్లికేట్ రికార్డు కనపడితే ఒళ్ళు మండినట్టే. “ఒక్క పనికి ఒక్కచోటే కోడు రాయి, రెండోచోట రాయకు” అని మనవాళ్ళు కొత్తవాళ్ళకి మంత్రోపదేశం చేస్తారు చూడండి, అదే సూత్రం పాత గుమాస్తాదీను.

రెండోది ఇంటి దారి. ఉన్నది ఉండగా ఇంకోటి కొనడం. మా బాపు తిట్టులో ఉన్నది సరిగ్గా ఇదే. “ఒకటి ఉన్నది చాలదా, మళ్ళ ఎందుకు” అనడంలో పాత అర్థం, కొత్త అర్థం రెండూ పక్కపక్కనే కూర్చున్నాయి.

అయితే ఈ మాటలో నాకు నిజంగా గుచ్చుకునేది దీని పుట్టుక కాదు. దుబారా అని ఎవరు ఎవర్ని అంటారు అన్నది. ఖర్చు పెట్టేవాడు తన ఖర్చుని దుబారా అనుకోడు. పుస్తకం ఎవరి చేతిలో ఉందో వాడంటాడు.

మనందరికీ తెలిసిన ఉదాహరణ రామదాసు. కంచర్ల గోపన్నది నేలకొండపల్లి. అది ఇప్పుడు ఖమ్మం జిల్లా, 1953లో ఖమ్మం విడిపోయేదాకా వరంగల్ జిల్లాయే. పదిహేడో శతాబ్దంలో, తానీషా అనే అబుల్ హసన్ కుతుబ్‌షా కాలంలో, పాల్వంచ పరగణాకి తహసీల్దారు. వసూలైన సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడు. గోల్కొండ లెక్కలో అది సర్కారు సొమ్ము దుబారా. పన్నెండేళ్ళు ఖైదులో ఉన్నాడని జనం చెప్పుకుంటారు. జైల్లో పాడుకున్నాడనే కీర్తనల్లో ఒకదాంట్లో ఏ నగకి ఎంతయిందో, ఎవరి కోసం చేయించాడో వరసగా రాముడికే లెక్క అప్పజెప్తాడు. భక్తి సంగతి పక్కన పెట్టి చూస్తే అది అచ్చంగా ఆడిట్‌కి జవాబు! పైసలు ఎటు పోయాయో ఐటెం వారీగా చెప్పడం. రామలక్ష్మణులు వచ్చి తానీషాకి సొమ్ము కట్టేశారని కథ. గమనించారా, ఆ కథలో కూడా బాకీ మాఫీ కాలేదు. దేవుడైనా సరే కట్టాల్సిందే, రసీదు తీసుకోవాల్సిందే.

రామదాసుకి దేవుడున్నాడు. అందరికీ అంత అదృష్టం ఉండదు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా బాపు వరంగల్‌లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా. ఎనుమాముల మార్కెట్ చూసినవాళ్ళకి అడ్తి అంటే ఏంటో తెలుసు. రైతు పత్తి, మిర్చి తెస్తే అమ్మిపెట్టేది అడ్తిదారు. దడ్వాయి తూకం వేస్తాడు, హమాలీ మోస్తాడు, గుమాస్తా రాస్తాడు. పంట రాకముందే రైతుకి అప్పు ఇచ్చేది కూడా చాలాసార్లు అడ్తిదారే. సేటు హిందీ మనిషి. బాపుకి పద్దులు రాయడం నేర్పింది ఆయనే, అందుకని బాపు పుస్తకంలో సగం మాటలు హిందీవి, తెలుగు లిపిలో.

1997-98 పత్తి సీజను వరంగల్ వాళ్ళెవరూ మర్చిపోలేరు. నేనప్పుడు ఇంజినీరింగ్ చదువుతున్నా. పొగాకు లద్దె పురుగు, శనగపచ్చ పురుగు చేలని ఊడ్చేశాయి. ఎన్ని మందులు కొట్టినా పురుగు చావలేదు. విత్తనం అమ్మేది, మందు అమ్మేది, అప్పిచ్చేది చాలా ఊళ్ళలో ఒకే షాపు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఒక్క సీజనులో వందల మంది పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అందులో వరంగల్ జిల్లా పేరే ముందు వినపడింది. పురుగు చావడానికని కొన్న మందే తాగారు.

అప్పట్లో బస్సుల్లో, హోటళ్ళలో, మా హాస్టల్లో కూడా ఒక మాట తిరిగేది. “పెళ్ళిళ్ళకీ తాగుడికీ దుబారా చేస్తారు, అప్పుల పాలైతారు, తర్వాత ఇట్లా చేస్తారు” అని. నేను సెలవులకి ఇంటికొచ్చి అన్నం తింటూ అదే మాట అన్నాను. ఏదో చాలా తెలిసినవాడిలాగ.

బాపు ఏమీ అనలేదు. చెయ్యి కడుక్కుని, ఇంటికి తెచ్చుకున్న చిట్టా తీసి ఒక పేజీ నా ముందు పెట్టాడు. నర్సంపేట వైపు ఊరి రైతు. పేరు రాయను. జూన్‌లో పత్తి విత్తనాలు. పదిహేను రోజుల తర్వాత ఇంకో పద్దు, ‘విత్తనాలు, దుబారా’. పక్కన అంకె. నేను నవ్వబోయాను, అడ్తివాళ్ళు కూడా దుబారా అని రాసుకుంటారా అని.

“గది తిట్టు కాదురా” అన్నాడు బాపు. “మళ్ళ ఇచ్చినమని. వాన పడలే, మొల్వలే, మళ్ళ కొన్నడు. సేటు మాట అది.”

కిందికి చూస్తే మందు, మందు, మళ్ళీ మందు. దసరా ముందు మందు. దీపావళి తర్వాత మందు. నూటికి మూడు వడ్డీ పక్కనే లెక్కగట్టి ఉంది, బాపు చేతిరాతతో. మధ్యలో ఎక్కడో ఒక్కచోట ‘బిడ్డ పెండ్లికి’ అని ఒక పద్దు ఉంది. దబాయించడానికి నాకు అదొక్కటే దొరికింది, వేలు పెట్టి చూపించాను.

“గిదొక్కటే నీ కండ్లకు కనవడ్తది” అన్నాడు. “కూడుకో.”

కూడాను. నాలుగేళ్ళ ఇంజినీరింగులో చేసిన ఏ లెక్కా నాకు ఇప్పుడు గుర్తు లేదు గానీ ఆ కూడిక గుర్తుంది. రెండోసారి విత్తనాలు, మందులు, వాటి మీద వడ్డీ, అన్నీ కలిపితే పెళ్ళి ఖర్చుకి మూడింతల పైన తేలింది. జనవరి తర్వాత ఆ పేజీలో ఏమీ రాసి లేదు. ఏమైందని నేను అడగలేదు. బాపూ చెప్పలేదు. చాలాసేపయ్యాక మాత్రం “ఆఖరుకు అచ్చినప్పుడు ఇయ్యలే. సేటు ఇయ్యొద్దన్నడు. దుబారా బంజెయ్యి అని నేనే చెప్పిన” అన్నాడు. ఆ దుబారా ఏ అర్థంలో అన్నాడో నేను అప్పుడూ అడగలేదు.

ఇదేదో మాట పుట్టుకకి రుజువని చెప్పట్లేదు. సేటు హిందీవాడు, హిందీ అర్థంలో రాయించాడు, అంతే. నేను చెప్పేదల్లా, ఆ ఒక్క పేజీలో నాకు ఈ మాట రెండు ముఖాలూ కనపడ్డాయి. పుస్తకంలో ఉన్నంతసేపు అది ఒక నిజం. వాన పడలేదు కాబట్టి రెండోసారి కొన్నాడు. జనం నోట్లోకి వచ్చేసరికి అదే మాట నేరం అయింది. మరాఠీ వాళ్ళ దుబార్ పేరణీకీ మన దుబారా ఖర్చుకీ మధ్య దూరం నాకు ఆ రోజు అన్నం ప్లేటుకీ చిట్టాకీ మధ్య ఉన్నంతే.

తర్వాత చాలా జరిగింది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. కాయతొలిచే పురుగు మందులు కొన్నాళ్ళు తగ్గాయి, ఆ తర్వాత గులాబీ రంగు పురుగు దానికీ అలవాటుపడింది. విత్తనం ధర పెరిగింది. వానాకాలం మొదట్లో వాన మొహం చాటేస్తే రెండోసారి విత్తడం మాత్రం ఇప్పటికీ ఉంది. పెట్టుబడి రెండుసార్లు, పంట ఒక్కసారి. మన భాషలో చెప్పాలంటే బిల్డ్ ఫెయిలైన ప్రతిసారీ డబ్బు మన జేబులోంచే కట్టాలి. క్లౌడ్‌లో ఆర్నెల్లు సర్వర్ మర్చిపోయిన మన మహానుభావుడి జీతంలోంచి ఒక్క రూపాయి కూడా కట్ అవ్వలేదు. కాల్‌లో అందరం నవ్వుకుని, “ఇంకోసారి జాగ్రత్త” అనుకుని వదిలేశాం. మా కంపెనీలో అది ‘లెర్నింగ్’. నర్సంపేట రైతుకి అయితే దుబారా.

అలాగని నిజమైన దుబారా లేదని కాదు. ఉంది, మన ఇళ్ళలోనే బోలెడుంది. రెండేళ్ళు తిరక్కుండా మార్చే ఫోను, ఒక్క పూట వేసుకునే పెళ్ళి బట్టలు, వారానికోసారి కూడా తియ్యని రెండో కారు. వీటికి మనం పెట్టుకున్న పేర్లు వేరు, లైఫ్‌స్టైల్ అనో, ఎక్స్‌పీరియెన్స్ అనో. తిట్టు మాత్రం ఎప్పుడూ మనకన్నా ఒక మెట్టు కిందున్నవాడికే వెళ్తుంది. పనిమనిషి కూతురికి స్మార్ట్‌ఫోన్ కొనిస్తే “వీళ్ళకి దుబారా ఎక్కువండీ” అనేవాళ్ళని నేను మా అపార్ట్‌మెంట్ లిఫ్టులోనే విన్నాను. ఆ ఫోన్‌లోనే ఆ పిల్ల ఆన్‌లైన్ క్లాసులు విన్నది, అది వేరే సంగతి.

మొన్న ఆదివారం బాపుకి ఫోన్ చేసి, ఈ ఫారసీ కథంతా చెప్పాను. దుబారా అంటే అసలు అర్థం ‘మళ్ళీ’ అనేనట బాపూ, దండగ అని కాదట, అని. ఎనభైకి దగ్గర పడుతున్నాడు, చెవులు సరిగ్గా వినపడవు. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

“గది నాకెర్కనే” అన్నాడు. “నీకే గింత లేటయింది.”

కాసేపాగి, “ఒక్కసారి చెప్తె సరిపోయేదానికి మళ్ళ మళ్ళ చెప్పవడ్తివి. ఫోన్ బిల్లు దుబారా” అని పెట్టేశాడు. ఇప్పుడు ఫోన్లకి నిమిషాల లెక్క లేదని ఆయనకి నేనింకా చెప్పలేదు.